పిలుపు వచ్చింది... పార్టు రాలేదు

2021 మే మూడో వారం. తెలంగాణలో లాక్‌డౌన్ మొదలై వారం అయింది. పొద్దున ఆరింటి నుంచి పది దాకా నాలుగు గంటలే సడలింపు. పాలు, కూరగాయలు, మందులు, అన్నీ ఆ నాలుగు గంటల్లోనే. ఆంధ్రప్రదేశ్‌లో పన్నెండు కొట్టగానే కర్ఫ్యూ. అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో క్లాసిక్‌లు, బుల్లెట్లు, అప్పుడప్పుడే వచ్చిన మీటియర్లు దుమ్ము కప్పుకుని నిలబడి ఉన్నాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే రాయల్ ఎన్‌ఫీల్డ్ ఒక ప్రకటన చేసింది. ఇగ్నిషన్ కాయిల్‌లో లోపం బయటపడిందని, మీటియర్ 350, క్లాసిక్ 350, బుల్లెట్ 350 బళ్లు 2,36,966 వెనక్కి పిలుస్తున్నామని.

చాలామంది ఆ పూట చేసిన మొదటి పని, పర్సులోంచి ఆర్‌సీ కార్డు తీయడం. దాని మీద బండి తయారైన నెల, సంవత్సరం చిన్న అక్షరాల్లో ఉంటాయి. 2020 డిసెంబరు నుంచి 2021 ఏప్రిల్ మధ్య తయారైనవే జాబితాలో ఉన్నాయి. అంటే దసరాకో సంక్రాంతికో బుక్ చేసి, నెలల తరబడి డెలివరీ కోసం కాచుకుని తెచ్చుకున్న కొత్త బళ్లు. మొదటి సర్వీసు కూడా కానివి వాటిలో ఎన్నో. తీరా చూస్తే సర్వీస్ సెంటర్ షట్టర్ దించి ఉంది.

పిలిచిన బళ్లలో పది శాతంలోపే కాయిల్ మార్చాల్సి వస్తుందని కంపెనీ అంచనా వేసింది. ఆ పదిలో తన బండి ఉందో, మిగతా తొంభైలో ఉందో సెల్లార్‌లో నిలబడ్డ మనిషికి తెలిసే దారి లేదు.

ఈ కథనం ఆ మనిషి గురించే. కంపెనీ తప్పు ఒప్పుకుంది, మంచిదే. ఏదో ఒక రోజు బాగుచేస్తుంది, అదీ మంచిదే. ప్రకటనకూ మరమ్మతుకూ మధ్య ఉండే రోజులు మాత్రం ఎవరి లెక్కలోకీ రావు. బండి నడపాలా వద్దా, ఆఫీసుకు ఎలా వెళ్లాలి, పిల్లాణ్ని స్కూల్లో ఎవరు దింపాలి, నెల తిరిగేసరికి ఈఎంఐ ఎలా కట్టాలి... ఇవన్నీ ఒక్క మనిషి నెత్తిన పడతాయి.

మిస్సింగ్ అంటే ఏమిటి?

అరచేతిలో ఇమిడే చిన్న పార్టు కాయిల్. బ్యాటరీ ఇచ్చేది పన్నెండు వోల్టులు. ప్లగ్ కొసన నిప్పురవ్వ ఎగరాలంటే వేల వోల్టులు కావాలి. ఆ పెంచే పని కాయిల్‌ది. లోపల రెండు రాగి తీగల చుట్లు ఉంటాయి. ఒకటి లావు తీగ, కొన్ని వందల చుట్లు. ఇంకొకటి వెంట్రుకంత సన్నం, వేల చుట్లు. ఒక చుట్టు పక్క చుట్టుకు తగలకుండా పైన సన్నని పూత, ఆ మొత్తం కదలకుండా గట్టిపడే జిగురు. నిమిషానికి 3,000 సార్లు తిరిగే సింగిల్ సిలిండర్ ఇంజన్లో పెట్రోలు 1,500 సార్లు మండాలి. అన్నిసార్లూ ఆ తీగల్లో కరెంటు పారాలి, ఆగాలి, మళ్లీ పారాలి. పూత ఎక్కడో ఒక చోట దెబ్బతింటే చాలు, చుట్టుకూ చుట్టుకూ మధ్య కరెంటు అడ్డదారి పడుతుంది. అక్కడ వేడి పుడుతుంది. వేడికి పక్క పూత కరుగుతుంది.

అప్పుడు బండి తడబడుతుంది. “అన్నా, మిస్సింగ్ వస్తోంది” అని మెకానిక్ దగ్గరికి వెళ్లేది అప్పుడే. థ్రాటిల్ తిప్పితే అందుకోదు, ఒక్క క్షణం ఆగినట్టయి మళ్లీ కుదుపుతో లాగుతుంది. కంపెనీ కూడా తన ప్రకటనలో చెప్పింది ఇదే: మిస్‌ఫైర్ కావచ్చు, బండి పనితనం తగ్గొచ్చు, అరుదుగా షార్ట్ సర్క్యూట్ కావచ్చు. లారీని దాటుతూ మధ్యలో ఉన్నప్పుడు ఆ ఒక్క క్షణం వస్తే ఏమవుతుందో హైవే మీద బండి నడిపే ప్రతి మనిషికీ తెలుసు.

మిస్సింగ్‌తో ఇంకో ముప్పుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. సిలిండర్లో మండని పెట్రోలు ఆవిరి సైలెన్సర్లోకి పోతుంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బళ్లలో పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. అది అసలే వేడి మీద పనిచేసే పరికరం. మండని పెట్రోలు అక్కడికి చేరి అక్కడ మండుతుంది. కాలి దగ్గర ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వేడి తగులుతుంది. “బండి హీటెక్కుతోంది” అని ఫిర్యాదు చేసేవాళ్లకు “ఎండాకాలం కదా, అంతే” అనే జవాబు సులువుగా దొరుకుతుంది. ఆ జవాబు కొన్నిసార్లు నిజం. అన్నిసార్లూ కాదు.

ఎండకూ ఇంజన్‌కూ మధ్య

పెట్రోల్లో ఉన్న శక్తిలో చక్రానికి చేరేది పావు వంతు, మహా అయితే మూడో వంతు. మిగిలిందంతా వేడే. కొంత సైలెన్సర్లోంచి పోతుంది, కొంత ఇంజన్ ఒంటికి పడుతుంది. గాలితో చల్లబడే బళ్లకు సిలిండర్ చుట్టూ పొరలు పొరలుగా రెక్కలుంటాయి. మెకానిక్కుల భాషలో ఫిన్స్. బండి కదులుతుంటే గాలి ఆ పొరల మధ్య దూరి వేడిని లాక్కుపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే గాలి ఆగుతుంది, వేడి మాత్రం ఆగదు. మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో 45 డిగ్రీల ఎండలో నిలబడ్డ బండికి చుట్టూ ఉన్న గాలే వేడి. అందుకే పెద్ద బళ్లకు ఆయిల్ కూలర్లు, రేడియేటర్లు, ఫ్యాన్లు పెడతారు.

వేడి హద్దు దాటితే ముందు ఆయిల్ పలచబడుతుంది. ఇనుముకూ ఇనుముకూ మధ్య ఉండాల్సిన పొర చెదిరిపోతుంది. పిస్టన్ వ్యాకోచించి బోరు గోడల్ని ఒరుసుకుంటుంది. చివరికి పట్టేస్తుంది. ‘సీజ్ అయింది’ అంటారు షెడ్డులో. నడుస్తున్న బండిలో ఇది జరిగితే వెనక చక్రం బిగుసుకుపోవచ్చు. క్లచ్ వెంటనే నొక్కగలిగితే బతుకు. ఆ సంగతి తట్టేలోపే బండి జారిపోవచ్చు.

అందుకే వేడికి సంబంధించిన లోపాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2023లో హోండా తన సీబీ300ఆర్ 2022 మోడల్ బళ్లను, సుమారు 2,000, వెనక్కి పిలిచింది. ఇంజన్ కుడివైపు క్రాంక్‌కేస్ కవర్ తయారీలో జరిగిన పొరపాటు వల్ల అందులోని సీలింగ్ ప్లగ్ ఇంజన్ వేడికి ఊడిపోవచ్చని చెప్పింది. ఊడితే కాగే ఆయిల్ బయటికి చిమ్ముతుంది. అది టైరు మీద పడితే బండి జారుతుంది. కాలి మీద పడితే ఒళ్లు కాలుతుంది. వారంటీ ఉన్నా లేకపోయినా ఉచితంగా మారుస్తామని కంపెనీ ప్రకటించింది. రూపాయి బిళ్లంత బిరడా. దాని మీదే నడిపేవాడి కాలు ఆధారపడి ఉంది.

నడపొచ్చా, వద్దా?

రీకాల్ సందేశం వచ్చిన యజమాని మొదట అడిగేది ఇదే. సాధారణంగా కంపెనీల ప్రకటనల్లో ‘ముందుజాగ్రత్తగా’, ‘అరుదైన సందర్భాల్లో’, ‘దశలవారీగా’ వంటి మాటలుంటాయి. ఈ మూడూ నిజమే కావచ్చు. ఏ మాటలోనూ ‘రేపు పొద్దున బండి తీయొచ్చా’ అన్న ప్రశ్నకు జవాబు లేదు.

డీలర్‌కు ఫోన్ చేస్తే వచ్చే మాటలు అందరికీ అనుభవమే. “స్టాక్ రాలేదండీ, రాగానే మేమే కాల్ చేస్తాం.” ఆ కాల్ వారంలో రావచ్చు, రెండు నెలలకూ రావచ్చు. లక్షల బళ్లకు కావాల్సిన పార్టు ఒకేసారి తయారుకాదు. పాత పార్టు తయారుచేసిన లైను మీద కొత్త బళ్లూ తయారవుతుంటాయి కాబట్టి ముందు అక్కడ లోపం సరిదిద్దాలి. సరిదిద్దిన పార్టును పరీక్షించాలి. ఆ తర్వాతే షోరూములకు పంపకం. 2024 అక్టోబరులో రాయల్ ఎన్‌ఫీల్డ్ రిఫ్లెక్టర్ల విషయంలో రీకాల్ ప్రకటించినప్పుడు ముందు దక్షిణ కొరియా, అమెరికా, కెనడా, తర్వాతే భారత్, మిగతా దేశాలు అని వరస చెప్పింది. ఒక్కో బండికి పని పావుగంటే. ఆ బళ్లు తయారైంది 2022 నవంబరు, 2023 మార్చి మధ్య. రిఫ్లెక్టర్ కాబట్టి ఆ ఆలస్యాన్ని ఓర్చుకోవచ్చు. ఇంజన్ వేడెక్కే లోపానికి అదే పద్ధతి అంటే ఎవరు ఓర్చుకుంటారు?

బండే బతుకుతెరువైన వాళ్ల సంగతి వేరు. భోజనం పార్సిళ్లు చేరవేసే కుర్రాడికి, పల్లె పల్లె తిరిగి బట్టలమ్మే మనిషికి, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌కు బండి ఆగిందంటే ఆ రోజు కూలి పోయినట్టే. వాళ్లు నడుపుతారు. భయపడుతూనే నడుపుతారు. అరగంటకోసారి ఆపి, ఇంజన్ పక్కన అరచేయి పెట్టి చూసుకుని, బాటిల్‌లో నీళ్లు తాగి మళ్లీ కిక్ కొడతారు. వాళ్లను బాధ్యత లేనివాళ్లు అనడం అన్యాయం. వాళ్లకు వేరే దారి ఎవరూ చూపలేదు.

నిజామాబాద్, విజయవాడ, వెల్లూరు

వేడి ఎంత దూరం పోగలదో తెలుగు నేలకు 2022లో తెలిసింది. ఈసారి మండింది ఎలక్ట్రిక్ స్కూటర్లు. వాటిలో ఇంజన్ లేదు, కాయిల్ లేదు. ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. సెల్ లోపల వేడి అదుపు తప్పితే పక్క సెల్‌కు, అక్కణ్నుంచి ఇంకో సెల్‌కు పాకుతుంది. పెట్రోలు బండి వేడెక్కితే రోడ్డు పక్కన ఆపి దిగొచ్చు. ఈ బ్యాటరీని మనిషి తెచ్చి పడగ్గదిలో చార్జింగ్ పెట్టుకుంటాడు.

మార్చి చివర్లో తమిళనాడులోని వెల్లూరులో ఓ ఇంట్లో రాత్రిపూట చార్జింగ్ పెట్టిన స్కూటర్ అంటుకుని, పొగకు ఊపిరాడక తండ్రీ కూతురూ చనిపోయారు. మార్చి 26న పుణేలో రోడ్డు పక్కన ఆపి ఉన్న ఓలా ఎస్1 ప్రో మండిపోయింది. ఏప్రిల్ 16న ఒకినావా తన ప్రైజ్ ప్రో స్కూటర్లు 3,215 వెనక్కి పిలిచింది, కనెక్టర్లు వదులుగా ఉన్నాయేమో, బ్యాటరీకి దెబ్బ తగిలిందేమో చూస్తామంది. నాలుగు రోజులు తిరక్కుండానే నిజామాబాద్‌లో ఒక ఇంట్లో తెల్లవారుజామున చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలింది. ముందుగదిలో నిద్రపోతున్న ఎనభయ్యేళ్ల పెద్దాయన ప్రాణం పోయింది. ఆ వెంటనే హైదరాబాద్ సంస్థ ప్యూర్ ఈవీ రెండు మోడళ్లలో 2,000 బళ్లు వెనక్కి పిలిచింది. ఏప్రిల్ 23న విజయవాడ సూర్యారావుపేట గులాబీతోటలో మరో పేలుడు. ముందు రోజే కొత్త స్కూటర్ కొనుక్కున్న ఇంటి పెద్ద చనిపోయాడు. భార్య, పిల్లలు గాయపడ్డారు. మర్నాడు ఓలా 1,441 స్కూటర్లను పరీక్షకు పిలిచింది.

ఇన్ని సంఘటనలు నెల రోజుల్లోపే. ఆ నెలలో ఎలక్ట్రిక్ స్కూటర్ ఉన్న ప్రతి ఇంట్లో ఒకటే మాట: బ్యాటరీ ఎక్కడ పెట్టాలి? వరండాలో పెడితే దొంగల భయం, ఇంట్లో పెడితే మంటల భయం. రాత్రంతా చార్జింగ్ పెట్టడం మానేసి పగలు కళ్లెదుటే పెట్టుకున్నారు. కొందరు బండి వాడడమే ఆపేశారు. జాబితాలో తమ బండి ఉందో లేదో తేలేదాకా వాళ్లకు కంటి మీద కునుకు లేదు.

కేంద్రం నియమించిన నిపుణుల కమిటీకి హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ డైరెక్టర్ టాటా నర్సింగరావు నేతృత్వం వహించారు. ఆ కమిటీ సిఫార్సుల మీద బ్యాటరీల భద్రతా ప్రమాణం ఏఐఎస్-156ను ఆగస్టు చివర్లో సవరించారు. ఒక సెల్ మండితే పక్కవాటికి పాకకూడదు, లోపల ఒత్తిడి పెరిగితే బయటికి పోయే దారి ఉండాలి, ప్రమాదం మొదలవగానే మోత, వెలుగుతో హెచ్చరిక రావాలి, ప్రతి సెల్ ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పగలగాలి. డిసెంబరు 1 నుంచి కొన్ని, 2023 మార్చి 31 నుంచి మిగతావి అమల్లోకి వచ్చాయి. సవరణ వెలువడిన రెండు వారాలకే, సెప్టెంబరు 12న, సికింద్రాబాద్ రూబీ హోటల్ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచాయి. పొగ మెట్ల దారిన పైకి ఎగబాకింది. లాడ్జిలో దిగిన ఎనిమిది మంది చనిపోయారు.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో రీకాల్ చాలాకాలం కంపెనీల ఇష్టం. 2012 జులైలో వాహన తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛందంగా ఒక నియమావళి పెట్టుకుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో సెక్షన్ 110-ఎ వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. నిర్ణీత సంఖ్యలో యజమానులు ఒకే లోపం గురించి ఫిర్యాదు చేస్తే ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించవచ్చు. ఏడేళ్లలోపు బళ్లకు ఇది వర్తిస్తుంది. జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా. కంపెనీ బండి పూర్తి ధర తిరిగివ్వాలి, లేదా మార్చివ్వాలి, లేదా బాగుచేయాలి. లోపాన్ని తనకు తానే గుర్తించి ప్రభుత్వానికి చెప్పి వెనక్కి పిలిస్తే జరిమానా ఉండదు. తప్పు దాచుకోకుండా ముందుకొచ్చే కంపెనీకి ఈ వెసులుబాటు ఉండాల్సిందే. రీకాల్ చేసిన కంపెనీని దోషిలా చూసి, ఎప్పుడూ చేయని కంపెనీని మెచ్చుకునే అలవాటు మనం మానుకోవాలి.

ఆ సెక్షన్‌ను ఎన్నిసార్లు చదివినా యజమాని ఎదురుచూసే రోజుల ఊసు కనిపించదు. బండి మూలన పడి ఉన్నన్నాళ్లూ ఆటో చార్జీలు ఎవరిస్తారు? పార్టు వచ్చేదాకా ఇంకో బండి ఇస్తారా? పోయిన పనిదినాల మాటేమిటి? 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమున్న వస్తువు వల్ల జరిగిన నష్టానికి తయారీదారును బాధ్యుణ్ని చేసే అధ్యాయం ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ప్రమాదకరమైన వస్తువుల్ని వెనక్కి రప్పించే అధికారమూ ఉంది. జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. వెళ్లాలంటే మళ్లీ సెలవు పెట్టాలి, కాగితాలు పోగేయాలి, తిరగాలి.

అమెరికాలో ఈ ఎదురుచూసే రోజులకు ఒక చిన్న ఏర్పాటు ఉంది. రహదారి భద్రతా సంస్థకు లోపం తెలియజేసిన అరవై రోజుల్లో కంపెనీ ప్రతి యజమానికీ ఉత్తరం రాయాలి. పార్టు సిద్ధంగా లేకపోయినా రాయాలి. లోపం ఏమిటి, ఎంత ప్రమాదం, ఈలోగా ఏం చేయాలి అన్నీ అందులో ఉండాలి. పార్టు వచ్చాక రెండో ఉత్తరం. రీకాల్ పెండింగ్‌లో ఉన్న కొత్త బండిని బాగుచేయకుండా డీలర్ అమ్మకూడదు. కొన్న పదిహేనేళ్ల దాకా మరమ్మతు ఉచితం. అక్కడా పార్టులు ఆలస్యమవుతాయి, అక్కడా జనం విసుక్కుంటారు. తేడా ఒక్కటే, ఆ మనిషి చేతిలో ఓ కాగితం ఉంటుంది. ఆ పాటి కాగితం మన యజమానికి ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. బండి నడపొచ్చా వద్దా, పార్టు ఏ నెలలో వస్తుంది, ఈలోగా ఎవర్ని అడగాలి. ఈ మూడు ముక్కలు తెలుగులో, సూటిగా ఉంటే చాలు.

మూడో యజమాని

ఇంకో చిక్కుంది. రీకాల్ ఫోన్ వెళ్లేది షోరూమ్ రికార్డుల్లో ఉన్న నంబరుకు. మన దగ్గర బండి ఒక చేతిలో ఆగదు. ఉద్యోగం మారిందనో, పెళ్లయిందనో రెండేళ్లకు అమ్ముతారు. కొన్నవాడు ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుంటాడు, ఆర్టీఏ ఆఫీసుకు మాత్రం వెళ్లడు. వాడు ఇంకొకడికి అమ్ముతాడు. ఫోన్ ఇప్పటికీ మొదటి ఓనర్‌కే వస్తుంది. “ఆ బండి ఎప్పుడో అమ్మేశానండీ” అని ఆయన పెట్టేస్తాడు. తెలంగాణ విషయానికొస్తే, దేశమంతటి బళ్ల వివరాలుండే ‘వాహన్’లో ఈ రాష్ట్రం ఏళ్ల తరబడి చేరలేదు. అమ్మకాల నివేదికల అడుగున ‘తెలంగాణ మినహా’ అన్న ముక్క చూసీ చూసీ అలవాటైపోయింది.

అందుకే పాత బండి కొనేవాళ్లు చేయాల్సిన పని ఒకటుంది. హ్యాండిల్‌ను ఎడమవైపు పూర్తిగా తిప్పి, హెడ్‌లైట్ వెనక ఫ్రేమ్ మెడ దగ్గర తడిగుడ్డతో తుడిస్తే పదిహేడు అక్షరాల చాసిస్ నంబరు కనిపిస్తుంది. దాన్ని ఫొటో తీసుకుని ఏ ఊళ్లోనైనా ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, “ఈ నంబరు మీద రీకాల్ ఏదైనా పెండింగ్‌లో ఉందా?” అని అడగాలి. ఎన్నో చేయి మారిందన్నది వాళ్లకు అక్కర్లేదు, నంబరు చాలు. పని అయితే జాబ్ కార్డు మీద ఏ పార్టు మార్చారో రాయించుకోవాలి. ఆ కాగితం రేపు బండి అమ్మేటప్పుడూ పనికొస్తుంది.

కాయిల్ మార్చడానికి మెకానిక్‌కు పట్టేది కొద్ది నిమిషాలే. కనెక్టర్ ఊడదీసి, బోల్టులు విప్పి, పాతది పక్కన పెట్టి కొత్తది బిగిస్తాడు. సెల్ఫ్ నొక్కుతాడు. థ్రాటిల్ రెండుసార్లు తిప్పి, ఒక చెవి ఇంజన్ వైపు వంచి వింటాడు. మిస్సింగ్ లేదు. 2021లో పిలిచిన ఆ 2,36,966 బళ్లలో కొన్ని ఈపాటికి రెండు మూడు చేతులు మారి, ఏ పల్లెలోనో పాల క్యాన్లు మోస్తూ ఉంటాయి. వాటి మెడ దగ్గర నంబరు మీద బురద ఎండి ఉంటుంది.